గ్లాసులో తోలు వాసన (మా పల్లె మాట – 17)



పోయిన వారం మిరప రేటు గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారం. ఈ వారం ఒక గ్లాసు బీరు గురించి రాస్తున్నాను. నవ్వకండి. చివరిదాకా చదివి, అప్పుడు తిట్టాలనిపిస్తే తిట్టండి.

మొన్న బెంగళూరు వెళ్లాను. మా అక్క కొడుకు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. శనివారం సాయంత్రం వాడి ఆఫీసు స్నేహితులు నలుగురితో కలిపి నన్నూ ఒక చోటికి తీసుకెళ్లాడు. బీరు అక్కడే తయారుచేసి అక్కడే పోస్తారు. కాఫీ కలిపిన స్టౌట్ అని ఒకటి తెప్పించారు. ఒక్క గ్లాసు ధర చూస్తే మా వదిన మిరపకాయల కోతకు వెళ్లి తెచ్చే రోజు కూలి గుర్తొచ్చింది. సరే, పిల్లోడి ముచ్చట.

రుచి చెప్తాను. తారులా నల్లగా ఉంది. లైటుకేసి ఎత్తి పట్టుకుంటే అంచున మాత్రం ఎర్రటి జీర కనపడింది. పైన నురగ బెల్లం రంగులో ఉంది. మన దగ్గర బీరు తాగినట్టు పళ్లు జివ్వుమనే చల్లదనం లేదు. కాస్త వెచ్చబడేకొద్దీ వాసన పైకొస్తోంది. నోట్లో పోసుకోగానే చిక్కటి డికాషన్ చేదు, దాని వెనక మాడిన బెల్లం, మింగాక నాలుక పక్కల వగరు. బరువైన తాగుడు. ఎనిమిది శాతం ఆల్కహాల్ అన్నారు. అబద్ధమెందుకు, చాలా బాగుంది.

గ్లాసు పక్కన ఒక అట్టముక్క పెట్టారు. ఈ బీరులో ఏమేం రుచులు తగులుతాయో దాని మీద రాసి ఉంది. కాఫీ, డార్క్ చాక్లెట్, పొగాకు, తోలు.

తోలు!

నా ఎదురుగా కూర్చున్న కుర్రాడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "వావ్, లెదర్" అన్నాడు. మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు వాసన చూసి తలలూపారు. నేను మావాడి వంక చూశాను. వాడు తల దించుకుని గ్లాసులోకి చూస్తున్నాడు.

మాది కొత్తపట్నం మాదిగపల్లె. మా తాతకి లంద ఉండేది. తెలియని వాళ్లకి చెప్తున్నాను, లంద అంటే తోళ్లు ఊనబెట్టే తొట్టి. చచ్చిన గొడ్డును ఊరి నుంచి మోసుకొచ్చి, తోలు తీసి, సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క నీళ్లలో రోజుల తరబడి ఊరేస్తే అప్పుడది తోలవుతుంది. ఆ తోలుతోనే ఊళ్లో రైతుల చెప్పులు, మోట బావి మీద బాన, ఎద్దుల మెడపట్టీలు. ఊరికి కావలసింది తోలు. ఊరికి అక్కర్లేనిది దాని వాసన. అందుకని తోలు ఊళ్లోకి వెళ్లింది, వాసనతో పాటు మనిషిని ఊరి చివర ఉంచారు.

నేను బడికి వెళ్లేనాటికి మా లంద ఎండిపోయింది. అయినా బెంచీ మీద నా పక్క పిల్లోడు జరిగి కూర్చునేవాడు. వాడి ముక్కుకి వచ్చిన వాసన నా ఒంటిది కాదు, నా కులానిది.

మన భాషలో ఒక మాట చూడండి. కంపు. పాత కావ్యాల్లో కంపు అంటే పరిమళం కూడా. పూలకీ కంపు ఉండేది. ఇప్పుడు కంపంటే ముక్కు మూసుకునేదే. మాట ఎందుకు మారిందో భాషా పండితులు చెప్పాలి. నాకు తెలిసిందల్లా, ఒకే వాసన లంద దగ్గర కంపు, బెంగళూరు గ్లాసులో పరిమళం అయింది. మధ్యలో వాసన మారలేదు, పీల్చే ముక్కు మారింది.

ఆ అట్ట మీద రెండో మాట పొగాకు. అది మా అమ్మది. ప్రకాశం జిల్లా వాళ్లకి నేను పొగాకు గురించి చెప్పక్కర్లేదు. పొగాకు బోర్డు గుంటూరులో ఉంది, వేలం కేంద్రాలు మన చుట్టూ ఉన్నాయి, బ్యారన్లు చేల మధ్య ఉన్నాయి. పచ్చాకు కోసే రోజుల్లో మా అమ్మ చేతులకు నల్లటి జిగురు పట్టేది. ఎంత రుద్దినా పోయేది కాదు. ఆ చేత్తో కలిపిన అన్నం ముద్ద చేదెక్కేది. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది. తల తిరుగుతుంది, వాంతులవుతాయి. మా అమ్మ దాన్ని ఎండదెబ్బ అనుకునేది. తర్వాత ఒంగోలు గ్రేడింగు షెడ్డులో ఆకు ఏరి ఇంటికొచ్చేటప్పుడు బస్సులో పక్కసీటు ఆడవాళ్లు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. అమ్మా, నీ చేతి చేదును ఇప్పుడు డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు.

మూడోది కాఫీ. అది అరకు ఆదివాసీల చేతిది కావచ్చు, చిక్కమగళూరు తోటల కూలీలది కావచ్చు. అట్ట మీద లేదు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొండకి పేరొచ్చింది, పండు కోసిన మనిషికి రాలేదు. కాఫీకి కులం లేదనుకోకండి. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కాఫీ హోటళ్లకి "బ్రాహ్మణ" అని బోర్డులుండేవి. 1957లో మద్రాసులో ఒక హోటలు బోర్డు మీద ఆ ఒక్క మాట తీసేయించడానికి పెరియార్ మనుషులు నెలల తరబడి అరెస్టయ్యారు. బోర్డు పోయినా పల్లెల్లో టీ బడ్డీల దగ్గర మనకి వేరే గ్లాసు మిగిలింది.

ఇంకో విషయం, ఇది విని నాకు నవ్వొచ్చింది. స్టౌట్ అనేది పోర్టర్ అనే బీరులో ఘాటు రకం. పోర్టర్ అంటే హమాలీ. 18వ శతాబ్దంలో లండన్ వీధుల్లో, రేవుల్లో బరువులు మోసేవాళ్లు తాగిన బీరు కాబట్టి దానికి ఆ పేరు. 1817లో బార్లీ మొలకల్ని నల్లగా వేయించే డ్రమ్ముకి అక్కడ పేటెంటు వచ్చాక ఆ నలుపు, ఆ మాడు చేదు స్థిరపడ్డాయి. అంటే పుట్టుకతోనే ఇది మూటలు మోసేవాడి తాగుడు. ఈవాళ దాన్ని కళ్లు మూసుకుని వాసన చూసే వాళ్లు గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ మోసే హమాలీ తాగితే ఏమంటారు? తాగుబోతు అంటారు. వీళ్లు తాగితే రుచి చూడటం, వాడు తాగితే వ్యసనం.

ఇక్కడ ఇద్దరు నన్ను ఆపుతారు.

మొదటివాడు: "అన్నా, అది ఉపమానం. గ్లాసులో నిజంగా తోలు ఉండదు కదా." ఉండదు, నాకూ తెలుసు. కానీ పోలిక చెప్పాలంటే ఆ వాసన ముందే తెలిసి ఉండాలి. ఆ కుర్రాడికి తెలిసిన తోలు కొత్త కారు సీటు, కొత్త బూటు. అది పని పూర్తయిన తోలు. దాని ముందున్న సున్నం, రక్తం, పురుగు, గీకుడు అన్నీ ఇంకొకరి చేతుల్లో అయిపోయాయి. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీశారని దళిత కుర్రాళ్లను బట్టలిప్పి కొట్టారు. ఆ తర్వాతి నెలే మన అమలాపురంలో, కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ముల్ని చెట్టుకి కట్టేసి కొట్టారు. వాళ్ల వీపుల మీద పడ్డ దెబ్బలు ఉపమానం కాదు.

రెండోవాడు మనవాడే: "మన పిల్లలకి తాగుడు నేర్పుతున్నావా?" లేదు తమ్ముడూ. 1980ల్లో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాని ప్యాకెట్లలో మన గడపల్లోకి పంపింది. 1992లో మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని దాన్ని తరిమారు. మద్య నిషేధం 1995లో వచ్చి 1997లో పోయింది. ఆ ఆడవాళ్ల పక్షాన్నే నేనున్నాను. నేను అడిగేది వేరు. ఆ సారా ప్యాకెట్ రుచి ఏమిటని మన నాన్నల్ని ఎవరైనా అడిగారా? మనకి అమ్మింది మత్తు. రుచి వాళ్లు ఉంచుకున్నారు. నాలుక మనకీ ఉందని ఎవరూ అనుకోలేదు.

మళ్లీ ఆ బల్ల దగ్గరికి వస్తాను. ఇవన్నీ నేను అక్కడే అనాల్సింది. అనలేదు. ఎందుకో చెప్తాను. మావాడి కులం ఆ నలుగురికీ తెలియదు. నేను నోరు తెరిచి "అది మా తాత వాసన" అంటే నా కులం చెప్పినట్టు కాదు, వాడి కులం చెప్పినట్టు. నేను ఆదివారం రైలెక్కి కొత్తపట్నం వచ్చేస్తాను. వాడు సోమవారం ఆఫీసుకి వెళ్లాలి. అందుకని ముప్పై ఏళ్లుగా మైకుల ముందు మాట్లాడిన నేను, ఆ రాత్రి నోరు మూసుకుని గ్లాసు ఖాళీ చేశాను. కులం గురించి ఏమీ తెలియని కుర్రాడు తోలు పేరు గట్టిగా పలికాడు. తోలు పని చేసినవాడి మనవడు పలకలేకపోయాడు. బెంగళూరులో కులం లేదనేవాళ్లు ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి.

బయటికొచ్చాక మావాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆటో ఎక్కేముందు అన్నాడు, "మామా, ఇది రాయి. నా పేరు మాత్రం పెట్టకు." పెట్టలేదురా. పెట్టమని నువ్వే చెప్పే రోజుకోసం ఆ జాగా ఖాళీగా ఉంచాను.

రుచులు రాసేవాళ్లకి ఒక్క మాట. తోలు అని రాయండి, పొగాకు అని రాయండి, వద్దనను. మీ ముక్కు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఈసారి మా పల్లెలోకి వచ్చినప్పుడు ఆ ముక్కు మూసుకోకండి.

జై భీమ్.

వచ్చే వారం మిరప రేటు, తప్పకుండా.