మెదడులోని కంతి – దాని నెత్తుటి త్రోవలు

మెదడున పుట్టు కంతులలో గ్లయోబ్లాస్టోమా మిక్కిలి క్రూరమైనది. క్రొత్త రక్తనాళములు లేక కంతి కొద్ది మిల్లీమీటర్లకు మించి పెరుగజాలదని 1971లో అమెరికా వైద్యుడు జూడా ఫోక్‌మన్ ప్రకటించెను. కంతి పెరిగినకొలది దాని నడుమ ప్రాణవాయువు చాలదు. అప్పుడా కణములు వి.ఇ.జి.ఎఫ్. అను వృద్ధికారకమును వెడలించును. అది సోకగనే ప్రక్కనున్న నాళములు కొమ్మలు చిగిర్చి కంతివైపు సాగును. గర్భస్థశిశువునకును, మానుచున్న పుండునకును నాళముల నల్లించునదియు నిదియే. మేలుచేయు దానినే కంతి తన పనికి త్రిప్పుకొనినదని మేము తలంచెదము. అయితే త్వరపడి యల్లిన యీ నాళములు వంకరలు పోయి కారుచుండును. అందుచేత మెదడు వాచి, తలనొప్పియు వాంతులును కలుగును.

ఈ కారకమును కట్టివేయు బెవాసిజుమాబ్ అను మందును, వ్యాధి తిరుగబెట్టినవారికై 2009లో అమెరికా ప్రభుత్వ మనుమతించెను. దానిచే వాపు తగ్గును. రోగి కొంత తేరుకొనును. కాని మొదటి చికిత్సతోనే దీనిని చేర్చి చూచిన రెండు పెద్ద పరీక్షల ఫలితములు 2014లో వెలువడగా, ఆయువు పెరిగినట్లు తేలలేదు. ఈ త్రోవ మూసినచో కంతి పాతనాళముల వెంబడి ప్రాకుటయు కలదు. బాధ తగ్గుట స్వల్పలాభమని మే మనము. అయినను "ఇది ఆయువును పెంచునా, ఉపశమనము మాత్రమే యిచ్చునా?" యని యింటివారు వైద్యుని అడుగవలసినది పొలము తాకట్టుపెట్టుటకు ముందే.