కౌమార దుఃఖం, రహస్యం: అపరాధ పరిశోధన నవల పట్ల విమర్శ నిరాదరణ

తెలుగు సాహిత్య విమర్శ అపరాధ పరిశోధన నవలను చాలావరకు కాలక్షేప సాహిత్యంగానే పరిగణించింది. బాలసాహిత్యాన్ని ప్రధానంగా నీతిబోధతో ముడిపెట్టింది. ఈ రెండు నిర్ణయాల నడుమ 13 నుంచి 19 ఏళ్ల పాఠకులు లెక్కలోకి రాకుండా పోయారు. ఈ నిరాదరణ సమర్థనీయం కాదు. కౌమారుల దుఃఖాన్ని, వారు దాచుకొనే రహస్యాలను చిత్రించడానికి మిక్కిలి అనువైనది విమర్శకులు చిన్నచూపు చూసిన ఈ ప్రక్రియయే.

బెంగాలీ రచయిత పాంచకడీ దే నవలల అనువాదాలతో తెలుగులో ఈ ప్రక్రియకు పాఠకాదరణ లభించింది. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో అద్దె పుస్తకాల దుకాణాల ద్వారా చిన్న పట్టణాలకు చేరారు. 1947లో ప్రారంభమైన ‘చందమామ’ను దాటిన బాలురకు తరువాతి మజిలీ తరచుగా ఈ నవలలే. అయితే వీటిలో పరిశోధకుడు వయోజనుడు, బయటివాడు. నేరస్థుడు దొరకగానే కథ ముగుస్తుంది. మృతుని తోబుట్టువుల, స్నేహితుల దుఃఖం కథకు వెలుపలనే మిగిలిపోతుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల అనుభవం ఈ చట్రంలో ఇమడదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకొన్న యువకుడు హత్యకు గురయ్యాడు. ఆ దంపతుల పరిచయం పాఠశాల నాటిది. నిందితులు కొద్ది రోజుల్లోనే పట్టుబడ్డారు. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానం తీర్పు వెలువరించింది. పాత పద్ధతి నవలకు ఇక్కడ పని పూర్తయినట్లే. కాని అదే పట్టణంలో బడికి వెళ్తున్న పిల్లలు ప్రేమను, కులాన్ని గురించి ఏమి నేర్చుకొన్నారు, ఏది ఇంట్లో చెప్పకూడదని నిశ్చయించుకొన్నారు అన్నది మిగిలిన ప్రశ్న. ఇది హంతకుడెవరో తెలియని రహస్యం కాదు, అందరికీ తెలిసి ఎవరూ మాట్లాడని రహస్యం. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాల అనంతరం తెలంగాణలో సంభవించిన విద్యార్థుల ఆత్మహత్యలు సైతం ఇటువంటి మౌనాన్నే మిగిల్చాయి. ఖాళీ అయిన బల్ల పక్కన కూర్చొన్న సహాధ్యాయి దుఃఖాన్ని ఏ విచారణ నివేదికా నమోదు చేయదు.

ఆంగ్లంలో ఈ. లాక్‌హార్ట్ ‘వి వర్ లయర్స్’ (2014) ఈ దిశలో సాగింది. అందులో కథానాయిక వెదికేది తన స్మృతి నుంచి జారిపోయిన విషాదాన్ని. పరిశోధన, శోకం అక్కడ ఒకే క్రియ. అనుకరణకు కాదు, ప్రక్రియకున్న శక్తికి ఇది నిదర్శనం.

నేరకథలు లేత మనస్సులను చెడగొడతాయన్నది ప్రధానమైన ఆక్షేపణ. నేరాన్ని, ఆత్మహత్యను ఆకర్షణీయంగా చిత్రించే రచన హానికరమే. ఆ జాగ్రత్త రచయితకు విధించవలసిన నియమమే గాని, విషయాన్నే నిషేధించడానికి హేతువు కాదు. హత్యావార్తను దృశ్యాలతో సహా చరవాణిలో చూస్తున్న బాలికకు నవల మాత్రమే ప్రమాదకరమనడం తర్కానికి నిలవదు.

భాష విషయమూ ఇక్కడ ముఖ్యమే. ఇంట నల్లగొండ మాండలికం, బడిలో ఆంగ్ల మాధ్యమం, పాఠ్యపుస్తకంలో ప్రామాణిక భాష: ఈ మూడింటి మధ్య ఏ మాట ఎవరితో ఏ భాషలో దాచాలో కౌమారులకు తెలుసు. ఆ ఎరుకే పరిశోధనాత్మక కథనానికి ముడిసరుకు.

కనుక విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు అపరాధ పరిశోధన నవలను పాఠ్యప్రణాళికలో చేర్చాలి. కౌమార సాహిత్యాన్ని ప్రత్యేక పరిశోధనాంశంగా గుర్తించాలి. విమర్శ ఈ బాధ్యతను విస్మరించినంత కాలం ఆ పట్టణాల పిల్లలు తమ దుఃఖాన్ని పరభాషా నవలల్లో వెదుక్కోవలసి వస్తుంది, లేదా ఎవరికీ చెప్పకుండా దాచుకోవలసి వస్తుంది.