1879 పట్టికలో మన గీత ఏది?

1879లో ఏం జరిగింది? పోటీ పరీక్షలకు చదివే మా పిల్లల్ని అడిగితే గడగడా చెబుతారు. ఫిబ్రవరిలో హైదరాబాదులో సరోజినీ నాయుడు పుట్టింది. మార్చిలో జర్మనీలో ఐన్‌స్టీన్, సెప్టెంబరులో ఈరోడులో పెరియార్ పుట్టారు. నవంబరులో మాక్స్‌వెల్ చనిపోయాడు. ఎడిసన్ విద్యుత్ దీపం వెలిగించాడు. దక్షిణాఫ్రికాలో జులూలు ఇసాండ్ల్వానా దగ్గర ఇంగ్లీషు సైన్యాన్ని ఓడించారు. మహారాష్ట్రలో వాసుదేవ్ బల్వంత్ ఫడ్కే తిరగబడి, జూలైలో పట్టుబడ్డాడు.

అన్నీ నిజాలే. ఒక్కరి పేరు కూడా తీసేయమని మేం అనడం లేదు. మా ప్రశ్న ఒక్కటే. అదే మార్చిలో రంపలో లేచిన తిరుగుబాటు ఆ పట్టికలో ఎందుకు లేదు? అదే జూలైలో అది భద్రాచలం తాలూకా రేకపల్లి సీమకు పాకిందన్న సంగతి, భద్రాచలంలోనే చదివే మా పిల్లకు ఎందుకు తెలియదు?

కారణాలు చిన్నవా? రంపలో చెట్టు కల్లు తాగడానికి చిగురు పన్ను. ఆపైన కల్లు గుత్తేదార్ల పీడ, షావుకార్ల కోర్టు డిక్రీలు, పోలీసుల మామూళ్లు. రేకపల్లిది ఇంకో గోడు. 1874లో భద్రాచలాన్ని సెంట్రల్ ప్రావిన్సుల నుంచి తీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపారు. మమ్మల్ని అడిగినవాడు లేడు. కలిపాక పోడు పన్ను ఇంచుమించు మూడింతలైంది. కొన్ని అడవుల్లో అడుగు పెట్టొద్దన్నారు. కొండరెడ్లు, కోయలు లేచారు. అణచడానికి మద్రాసు ప్రభుత్వం ఆరు పదాతి రెజిమెంట్లను, గుర్రపు దళాన్ని దింపింది. నిజాం వైపు నుంచీ బలగాలొచ్చాయి. 1880లో మల్కనగిరి వైపు తమ్మన్న దొర పోలీసుల చేతిలో నేలకొరిగాడు. ఎందరినో అండమాన్ పంపారు. మరో రెండేళ్లకు, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. మాది కానిదేదో మేం ఆక్రమించినట్టు ఇవాళ్టికీ మాట్లాడుతున్నారంటే దాని మూలం అక్కడే ఉంది.

"మీ చరిత్రకు రాతపూర్వక ఆధారాలు లేవు కదా" అంటారు కొందరు పండితులు. మా డోలీలు పడిగె విప్పి కథ చెప్పేటప్పుడు గట్టు చెబుతారు, వేల్పు చెబుతారు, ఇంగ్లీషు సంవత్సరం చెప్పరు. అది నిజమే. కానీ 1879 సంగతికి మా డోలీల దాకా రానక్కర్లేదు. 1907లో హెమింగ్వే రాసిన గోదావరి జిల్లా గెజిటీర్ తెరవండి. మమ్మల్ని కాల్చిన ప్రభుత్వమే మేం ఎందుకు లేచామో రాసిపెట్టింది. ఆధారాలు ఉన్నాయి, చదివే ఓపికే లేదు.

రాసినచోట మాత్రం మాట చూడండి. జులూలది యుద్ధం. ఫడ్కేది సాయుధ పోరాటం. మాది పితూరీ! తెలుగులో పితూరీ అంటే ఏమిటి? ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవడం. ఆరు రెజిమెంట్లతో తలపడితే అది చాడీ అవుతుందా? దొరతనం వాడిన మాటను మనమూ మోయడం ఇక చాలు.

మన్యం పోరాటమనగానే అల్లూరి ఒక్కడే గుర్తొస్తాడు. ఆయనంటే మాకు గౌరవం. కానీ ఆయన పక్కన గాం గంటం దొర, మల్లు దొర ఉన్నారు. ఆయనకు నలభై ఏళ్లకు పైగా ముందు తమ్మన్న దొర ఉన్నాడు. బయటి నుంచి నాయకుడొస్తేనే ఆదివాసీకి తిరగబడడం తెలుస్తుందనే పాఠం మా పిల్లలకు వద్దు.

ఇది పాత ముచ్చట కాదు. 1874లో అడగలేదు, 2014లోనూ అడగలేదు. ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రలో కలిపినప్పుడు రేకపల్లి ఉన్న వి.ఆర్.పురం మండలమూ పోయింది. ఇప్పుడది పోలవరం ముంపు మండలం. చరిత్రలో లేని ఊరు నీళ్లలో పోతే ఎవడికి పట్టింది? పట్టికలో గీత లేకపోవడం వల్ల జరిగే నష్టం ఇదే. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. రేపు బడిలో మనవాళ్లే లేకపోతే ఈ ముక్క చెప్పేదెవరు?

తోటి పంతుళ్లారా, పంతులమ్మలారా! పుస్తకాలు మార్చమని అడుగుదాం, పోరాడుదాం. అవి మారేదాకా కూర్చోవద్దు. బడి గోడ మనది, సుద్దముక్క మన చేతిలో ఉంది. 1879 కింద ఐన్‌స్టీన్‌ను రాయండి, పెరియార్‌ను రాయండి. దాని కిందే రంప, రేకపల్లి అని రాయండి. పక్కన "యుద్ధం" అని రాయండి.