సో అను రాజెవరు?

రాజుల రెండవ గ్రంథము 17వ అధ్యాయము 4వ వచనమున ఐగుప్తురాజైన ‘సో’ పేరు ఒక్కసారి కానవచ్చును. పరిశుద్ధ గ్రంథమందు మఱెచ్చటను ఈ పేరు లేదు. ఇశ్రాయేలు కడపటి రాజైన హోషేయ అష్షూరునకు కప్పము మాని ఇతనియొద్దకు దూతలను పంపెను. ఫలితము మన మెఱిగినదే. హోషేయ చెఱలో పడెను. మూడేండ్ల ముట్టడికి పిమ్మట, క్రీ. పూ. 722 ప్రాంతమున, షోమ్రోను కూలెను. ఒక రాజ్యము తుదిగడియలో ఎవనిని నమ్ముకొనెనో వాడెవడో నేటికిని నిశ్చయము కాలేదు.

ఈ మాట తరగతిలో చెప్పుటకు నేను చాలకాలము వెఱచితిని. పాత వ్యాఖ్యానములను బట్టి సో యనగా కూషు వంశీయుడైన శబాకా యని బోధించితిని. ఒక సంవత్సరము పరీక్షలో ఒక బాలుడు “ఇతడెవరో నిశ్చయముగా తెలియదు” అని వ్రాసెను. రెండు మార్కులు తీసివేసితిని. వాడు తండ్రిని వెంటబెట్టుకొని వచ్చి అడిగినను దిద్దలేదు. తప్పు నాదే.

శబాకా యను తలంపునకు ఆధారము లేకపోలేదు. హెబ్రీ ప్రతిలో ఈ పేరునకు సామెఖ్, వావ్, ఆలెఫ్ అను మూడక్షరములే యున్నవి. నడిమి వావును అచ్చుగా చదివిన ‘సో’, హల్లుగా చదివిన ‘సెవె’ యగును. క్రీ. పూ. 720లో గాజారాజునకు తోడు వచ్చిన ఐగుప్తు సేనాని పేరు అష్షూరురాజైన సర్గోను శాసనములలో నున్నది. దానిని పూర్వులు ‘సిబె’ యని చదివి, సెవె, సిబె, శబాకా ఒక్కరే యనిరి. కాని ఆ లిపిలో ఒకే గుర్తును రెండు విధముల చదువవచ్చును. అది ‘రేయె’ యని 1960లో బోర్గెర్ పండితుడు చూపెను. పైగా శబాకా ఐగుప్తు నేలినది షోమ్రోను కూలిన తరువాతనే యని ఇప్పటి పండితులలో పెక్కుమంది లెక్క.

1963లో గోడికె అను పండితుడు మఱియొక త్రోవ తీసెను. సో మనుష్యుడు కాడట, నైలునది డెల్టాలోని సాయీసు పట్టణమట! దూతలు సాయీసునకు, అచ్చటి రాజునొద్దకు, పోయిరని భావము. ఆ కాలమున అచ్చట తెఫ్నఖ్తు ప్రబలుడై యుండెను. ఊహ చక్కనిదే గాని, వచనములో లేని మాటను చేర్చినగాని అర్థము కుదురదు. కిచెన్ పండితుడు నాల్గవ ఒసోర్కోను అనెను. ఇతడు తూర్పు డెల్టాలోని సోయను రాజు; హోషేయకు సమీపమున నున్నవాడు. నా మనస్సు ఇటే మొగ్గుచున్నది.

ఒసోర్కోను ‘సో’ యగుట వింత కాదా యందురేమో. దివిసీమ వారికి కారాదు. రెండవ శతాబ్దమున గ్రీకు భూగోళకారుడైన టాలెమీ మన తీరమును మైసోలియ యని, ఇచ్చటి యొక రేవును కొంటకోస్సిల యని వ్రాసెను. అది మన ఘంటసాలయే! నాగార్జునకొండ శాసనమున కంటకసెల మహాచైత్యము పేర్కొనబడుటచేత నడిమి మెట్టు మనకు చిక్కినది. సో విషయమున అట్టి మెట్టు చిక్కలేదు. ఆ పేరుగల రాజును తెలుపు ఐగుప్తు శాసన మొక్కటియు ఇంతవరకు కానరాలేదు. కావున నా మొగ్గు మొగ్గే గాని ఋజువు కాదు.

“తెలియదని చెప్పిన పిల్లల విశ్వాసము చెడదా?” అని కొందఱు తలిదండ్రులు నన్నడిగిరి. గ్రంథకర్త తన కాలమువారెఱిగిన పేరునే వ్రాసెను. మఱచినవారము మనము. మన మఱపును ఆయనపై మోపనేల? శబాకా యని నేను గట్టిగా చెప్పి, ఆ బాలుడు పెద్దవాడై అది తప్పని మఱియొకచోట చదివిన, వాడు సందేహించునది నన్ను మాత్రమే కాదు.

ఈ యేడు ప్రశ్న మార్చితిని. సో ఎవరని కాక, ఎవరెవరని తలంచిరి, ఏల తలంచిరి అని అడిగితిని. ఆ బాలుడు పాఠశాల విడిచి చాల యేండ్లాయెను. వాని రెండు మార్కులు ఇంకను బాకీయే.