బార్డోకు ముఖం ఒక్కటే ఉందా?

ఫ్రెంచి గాయకుడు, స్వరకర్త సెర్జ్ గేన్స్‌బూర్ జీవితంపై జొయాన్ స్ఫార్ తీసిన సినిమా 2010లో విడుదలైంది. అందులో ఫ్రెంచి సినీ తార బ్రిజిట్ బార్డోగా నటి లేటిషియా కస్తా కనిపించేది కొద్దిసేపే. ఆమెకు దక్కిన మెప్పులో ముందు వినిపించే మాట ‘అచ్చం బార్డోనే’ అని. ఫ్రెంచి గణతంత్రానికి ప్రతీకైన మరియాన్ ప్రతిమకు 1960ల చివర బార్డో, 1999లో కస్తా నమూనాలుగా నిలిచిన సంగతి ఈ మాటకు ఇంకాస్త బలమిస్తుంది. నాకు మాత్రం ఈ మెప్పు ఇద్దరికీ అన్యాయం చేస్తోందనిపిస్తుంది. కస్తా పడ్డ శ్రమను ఇది ఆమె పుట్టుకకు జమకడుతోంది. బార్డోకు ముఖం తప్ప ఇంకేమీ మిగల్చడం లేదు.

అసలు ఈ సినిమా నిలబడింది పోలికల మీద కాదు. స్ఫార్ బొమ్మల కథలు గీసే మనిషి. గేన్స్‌బూర్ పక్కన పెద్ద ముక్కు, పెద్ద చెవులున్న ఒక వికృతరూపాన్ని తిప్పుతూ, అతన్ని రెచ్చగొట్టిస్తాడు. ఇలాంటి లోకంలో ఫొటోకు సరిపోయే ముఖం ఉంటే సరిపోదు. ఆ మనిషి ఎలా కదులుతుందో, పాట వింటే ఏమవుతుందో నటి తేల్చుకోవాలి. పొడవాటి బూట్లు తొడుక్కుని, కుక్కను వెంటబెట్టుకుని వచ్చే తొలి ప్రవేశంలో కస్తా మనకు ముందుగా ఇచ్చేది నడక. గేన్స్‌బూర్ పియానో మీద ‘కామిక్ స్ట్రిప్’ వాయిస్తుంటే, ఒంటికి చుట్టుకున్న దుప్పటితోనే ఆడే ఘట్టంలో ఆమె ఒళ్లంతా ఆ లయకు జవాబు చెబుతుంది. బార్డో నటి కాకముందు పారిస్ కన్సర్వేటరీలో బాలే నేర్చుకున్న నర్తకి. ఆమె నిటారైన మెడలో, అడుగులో కనిపించేది ఆ శిక్షణే. కస్తా పట్టుకున్నది దాన్ని. కనుముక్కు తీరు కలిసినంత మాత్రాన అది పట్టుబడదు.

పోలిక లేకపోతే ప్రేక్షకుడు నమ్మడంటారు. 1956 నాటి ‘అండ్ గాడ్ క్రియేటెడ్ ఉమన్’ నుంచి ఆ జుట్టూ, ఆ కాటుకా ప్రపంచానికి కంఠతా వచ్చు కాబట్టి అందులో కొంత నిజముంది. కానీ వాటిని మేకప్ గదిలో ఎవరికైనా అమర్చవచ్చు. తొలి చూపు దాటాక నటన లేకపోతే ఆ అలంకరణ నిలవదు. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది: ఈ బార్డో గేన్స్‌బూర్ కంటికి కనిపించిన బార్డోయే తప్ప సొంత మనసున్న స్త్రీ కాదని. దీన్ని చాలావరకు ఒప్పుకోవాలి. 1967 చివర అతనితో ‘జ్ తెమ్’ పాడినప్పుడు ఆమె గుంటర్ సాక్స్ భార్య. అది బయటికొస్తే ఏమవుతుందోనన్న భయంతో ఆ పాటను విడుదల చేయొద్దని ఆమే కోరింది, అతను ఆపాడు. 1969లో జేన్ బర్కిన్ గొంతుతో అదే పాట ఊరూరా మోగింది. బార్డో పాడినది 1986 దాకా బయటికి రాలేదు. ఆ భయాన్నీ, ఆ నిర్ణయాన్నీ తెర మీద విప్పడానికి ఈ పాత్రకు చోటే ఇవ్వలేదు. అది రచనలోని లోటు. పైగా ఈ అభ్యంతరం చెప్పేవాళ్లు అడుగుతున్నది కూడా ముఖం వెనకున్న మనిషినే.

ఈ సినిమాలో గేన్స్‌బూర్‌గా నటించిన ఎరిక్ ఎల్మొస్నినోకు కూడా అతని పోలిక బాగానే ఉంది. అయినా 2011లో సెజార్ ఉత్తమ నటుడి అవార్డు అందుకున్నప్పుడు దాన్ని అతని ముక్కుకు వచ్చిన బహుమతిగా ఎవరూ చూడలేదు. అదే ఏడాది సహాయ నటి విభాగంలో పోటీపడిన కస్తాను కూడా ఆ కొలతతోనే కొలవాలి.