మూడక్షరాల ఓదార్పు



ఈమధ్య మన సంఘంలో ఒక పెద్దాయన ప్రభువునందు నిద్రించారు. ఆ రోజు నేను పొరుగూరి కూటాల్లో ఉన్నాను. వాట్సాప్ గ్రూపులో వార్త చూసి, అందరిలాగే నేనూ 'ఆర్ఐపీ' అని పెట్టాను. మర్నాడు ఇంటికి వెళ్తే ఆ తల్లి అడిగింది: "అయ్యగారూ, మనవడు ఫోన్ చూపించాడండీ. అందరూ ఒకటే మాట రాశారంట. దానర్థం ఏంటండీ?"

నాకు సిగ్గేసింది. అర్థం తెలియక కాదు. 'రెస్ట్ ఇన్ పీస్', అంటే సమాధానంగా విశ్రమించు అని. అంతకుముందు లాటిన్‌లో 'రెక్వియెస్కాట్ ఇన్ పాచే' అనేవారు. సమాధి రాళ్ల మీద చెక్కే అక్షరాలవి. అంటే ఆ మాట చనిపోయినవారి కోసం. ఏడుస్తూ కూర్చున్న ఆ తల్లికి అందులో ఒక్క మాట కూడా లేదు!

పొట్టి మాటలు పాపమని నేననను. ఒకప్పుడు ఒక్క ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషైతే 160 అక్షరాలే పట్టేవి, తెలుగు లిపిలో 70 మాత్రమే. అప్పుడు కుదించక తప్పలేదు. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. అయినా పుట్టినరోజుకి 'హెచ్‌బీడీ', దీవెనకి కూడా 'జీబీయూ' అనేస్తున్నాం.

పైగా మనం అనుకున్న అర్థమే అవతలివారికి చేరుతుందని నమ్మకం లేదు. బ్రిటన్ ప్రధానిగా ఉన్న డేవిడ్ కామెరాన్ తన మెసేజీల చివర 'ఎల్ఓఎల్' అని పెట్టేవారట. 'లాట్స్ ఆఫ్ లవ్', ఎంతో ప్రేమతో అని ఆయన ఉద్దేశం. లోకానికి మాత్రం అది 'లాఫ్ అవుట్ లౌడ్', పగలబడి నవ్వడం. 2012లో పత్రికల మీద జరిగిన లెవెసన్ విచారణలో ఈ సంగతి బయటపడింది. చదివి మనం నవ్వుకుంటాం. కానీ అదే మాట ఎవరైనా ప్రేమతోనే చావు కబురు కింద పెడితే?

యోబు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా నేల మీద అతని పక్కనే కూర్చున్నారు. తరువాత వాళ్ల మాటలు తప్పాయి గానీ, ఆ కూర్చోవడం తప్పు కాలేదు.

కాబట్టి ప్రియులారా, ఇకమీదట దుఃఖవార్త వస్తే ఆ మూడక్షరాలు పక్కన పెట్టండి. "పిన్నీ, బాబాయి సంగతి ఇప్పుడే తెలిసింది. సాయంత్రం వస్తాను" అని వరస పెట్టి పిలిచి రాయండి. రాయడం రాకపోతే ఫోన్ చేయండి. దూరదేశంలో ఉన్నవారికి అదే పెద్ద ఆదరణ. ఊళ్లో ఉన్నవారైతే, చెప్పినట్టే వెళ్లండి.

ఆ తల్లికి మనం ఇంకా ఒక జవాబు బాకీ ఉన్నాం. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లింటికి వెళ్తున్నాను. రాగలిగినవారు రండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.