పరుల కొట్టున మన వ్రాతలు

తెలుగు సాహిత్యచర్చలు ఏండ్ల తరబడి సాగిన 'రచ్చబండ' యాహూ గ్రూపులలో నుండెడిది. పాత జాబులను తుడిచివేయుదుమని 2019లో ఆ సంస్థ ప్రకటించెను. 2020 డిసెంబరులో గ్రూపులనే మూసివేసెను. ఎవరు ప్రశ్నింపగలిగిరి? ఇల్లు వారిది, మనము అతిథులము. అయినను ఉచితముగా చోటు దొరకుచుండగా సొంత సర్వరేల యని మన పట్టణములందలి విద్యావంతులే మమ్ము పరిహసించుచున్నారు. ఏ క్షణముననైనను ఖాళీ చేయించు హక్కును యజమానికి వ్రాసియిచ్చు బాడుగపత్రమును కక్షిదారుడు తెచ్చినచో దానిపై సంతకము చేయనిత్తుమా? ఈ పెద్దమనుష్యులు అట్టి షరతులను చదువకయే సమ్మతించుచున్నారు.

వెబ్ పుటలను అడిగినవారి కందించు యంత్రమే సర్వరు. అది మేడంత యుండనక్కరలేదు. 2012 నుండి దొరకుచున్న రాస్ప్‌బెరీ పై అరచేత నిముడును; చిన్న దీపమునకు వలయు కరెంటు చాలును. డెబియను లినక్సు ఉచితము. మా కార్యాలయపు మూల నట్టిదొకటి కలదు. కర్నూలు ఎండలకు దానికి చిన్న పంకా యమర్చితిమి; తనకు లేని పంకా దానికేల యని మా గుమాస్తా యడిగెను. న్యాయమైన ప్రశ్నయే.

అయితే పూడిక తీయని బావివలె పాడుపెట్టిన సర్వరు ఊరికే కీడు. 2016లో మిరాయి యను దుష్టక్రమణిక, కొన్ననాటి పాస్‌వర్డును మార్చని కెమెరాలను, రూటర్లను లక్షలుగా వశపరచుకొని యితరులపై దాడికి వాడినది. కావున పాస్‌వర్డు ప్రవేశమును మాన్పి ఎస్‌ఎస్‌హెచ్ తాళపుచెవి నొక్కదానినే అంగీకరింపవలయును. 80, 443 ద్వారములు తప్ప తక్కినవి లోకమునకు మూయవలయును. భద్రతా సవరణలను వచ్చిననాడే వేయవలయును. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారు 2015 నుండి ఉచితముగా నిచ్చుచున్న ధ్రువపత్రమునకు గడువు స్వల్పము. తప్పినచో దావావలెనే చెల్లకపోవును. ఓపిక లేనివారు దీనికి దిగకుండుటయే మేలు.

ఇక ఇంటర్నెట్టు కంపెనీ. మాకు కనెక్షను నిచ్చినవారు అనేక గృహములకు ఒకే బయటి చిరునామాను పంచి, వేరుగా కోరిన మాకు అదనపు రుసుము విధించిరి. ఐపీవీ6 వచ్చినపిదప చిరునామాల కరవను సాకు చెల్లునా? చందాదారులు గట్టిగా నడుగవలదా? మన గ్రంథాలయములు తమ పుస్తకముల పట్టికనైనను సొంత సర్వరున నుంచుకొనరాదా?

ప్రతి యొక్కటే యున్నచో నష్టము తప్పదు. కడపలో బ్రౌను సొంత సొమ్ముతో పండితులను నియమించి తాళపత్రములకు ప్రతులు వ్రాయించినది అందుకే. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచిన సంగతి యెవరు మరతురు? మా సర్వరు ప్రతి ప్రతిరాత్రియు గుప్తలిపిలో కడపనున్న మిత్రుని యింటికి పోవును. వారి ప్రతి మాకడకు వచ్చును. కె.సి. కాలువలో నీరు రాని నెలలందును ఈ రాకపోకలు నిలువలేదు.